చెల్లుచీటీ దక్కని కమిషన్

1998 డిసెంబరు 9, బుధవారం. యూరోపియన్ పార్లమెంటులో గ్రీన్ పార్టీల బృందానికి నాయకత్వం వహిస్తున్న బెల్జియం సభ్యురాలు మాగ్డా ఆల్‌వూట్ పేరిట ఒక లేఖ. 34 పేజీలు. దానికి జతగా వందల పేజీల నకళ్లు: ఆడిట్ రిపోర్టులు, ఆఫీసు నోట్లు, విభాగాల మధ్య నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలు. రాసిన మనిషి, యూరోపియన్ యూనియన్ పాలన నడిపే యూరోపియన్ కమిషన్ ఆర్థిక నియంత్రణ విభాగంలో అసిస్టెంట్ ఆడిటర్. పేరు పాల్ వాన్ బ్యూటెనెన్. నెదర్లాండ్స్ దేశస్థుడు. వయసు 41.

కమిషన్ నిచ్చెనలో అతనిది చాలా కింది మెట్టు. రోజూ చేసే పని వోచర్లు, కాంట్రాక్టులు సరిచూడటం. సరిచూస్తున్నకొద్దీ కొన్ని లెక్కలు కుదరలేదు. పైవాళ్లకు చెప్పాడు. ఫైళ్లు ఒక టేబుల్ మీంచి మరో టేబుల్ మీదికి కదిలాయి. జరగాల్సింది మాత్రం జరగలేదు. ఖర్చును నిలదీయాల్సిన పార్లమెంటుకు పూర్తి సమాచారం వెళ్లడం లేదని అతనికి గట్టి నమ్మకం కుదిరింది. అప్పుడు ఈ లేఖ రాశాడు.

ఆఫీసు కాగితాలు బయటివాళ్లకు ఇస్తే ఏమవుతుందో ఆడిటర్‌కు ఒకరు చెప్పాలా? పై అధికారుల అనుమతి లేకుండా పత్రాలు బయటపెట్టకూడదని ఉద్యోగ నిబంధనల్లోనే ఉంది. అయితే ఆ కాగితాలు చేరింది ఏ పత్రికకో, ఏ కంపెనీకో కాదు. ఆ ఖర్చుకు లెక్క అడిగే హక్కును యూనియన్ ఒప్పందాలే కట్టబెట్టిన ఒక సభలోని సభ్యురాలికి. ప్రజలు ఎన్నుకున్న ప్రతినిధి ప్రజాధనం విషయంలో ‘బయటి మనిషి’ ఎలా అవుతుంది? కమిషన్ మాత్రం అవుతుందనే అంది.

ఆ లేఖ అందిన మూడు నెలల వారం రోజులకు యూరోపియన్ కమిషన్ అధ్యక్షుడితో సహా 20 మంది కమిషనర్లూ ఒకే రాత్రి రాజీనామా చేశారు. అంతకుముందు అలాంటిది ఎన్నడూ జరగలేదు. దాని వెనక ఆయుధాల కొనుగోలు లేదు, చమురు ఒప్పందం లేదు. ముఖ్యంగా ఉన్నది వృత్తివిద్య కోసం పెట్టిన ఒక పథకం. దానికి ఇటలీ చిత్రకారుడు లియొనార్డో డా విన్చీ పేరు పెట్టారు.

పథకం ఉంది, మనుషుల్లేరు

1990ల నడుమ యూరప్‌ను నిరుద్యోగం పీడిస్తోంది. చదువు ముగించినవాళ్లకు పని దొరకదు. పని ఉన్నచోట దానికి తగిన నైపుణ్యం దొరకదు. 1994 డిసెంబరు 6న సభ్యదేశాల మంత్రిమండలి లియొనార్డో పథకానికి ఆమోదం తెలిపింది. 1995 నుంచి 1999 వరకు ఐదేళ్లు. కేటాయింపు 62 కోట్ల ఎక్యూలు. యూరో పుట్టకముందు యూనియన్ పద్దులన్నీ ఎక్యూల్లోనే రాసేవారు. 1999 జనవరి 1న ఒక ఎక్యూ ఒక యూరోగా మారింది.

పథకం ఉద్దేశం మంచిది. ఒక దేశంలో వృత్తి నేర్చుకుంటున్న కుర్రాడు మరో దేశంలోని కార్ఖానాలో కొంతకాలం పనిచేసి రావాలి. శిక్షణ ఇచ్చేవాళ్లు పక్కదేశపు పద్ధతులు చూసి రావాలి. కంపెనీలు, కాలేజీలు, కార్మిక సంఘాలు కలిసి కొత్త కోర్సులు తయారుచేయాలి. కాదనేవాళ్లెవరు? చదువుకీ ఉపాధికీ పెట్టే ఖర్చులో ఉన్న ప్రమాదం కూడా ఇదే అని నా అభిప్రాయం. రోడ్డు వేస్తే గుంటలు కనిపిస్తాయి, వంతెన కడితే పగుళ్లు కనిపిస్తాయి. ‘శిక్షణ ఇచ్చాం’ అంటే కనిపించేదేమిటి? ఒక హాజరుపట్టీ, ఒక నివేదిక, ఒక బిల్లు. పైగా పథకం పేరు వింటేనే గౌరవం కలుగుతుంది. అడగాల్సినవాళ్లు కూడా అడగడానికి మొహమాటపడతారు.

వేల దరఖాస్తులు వస్తాయి. వాటిని చదవాలి, వడపోయాలి, ఒప్పందాలు రాయాలి, డబ్బు పంపాలి, లెక్కలు తెప్పించుకోవాలి. కమిషన్‌లోని విద్య, శిక్షణ, యువజన విభాగానికి అంతమంది ఉద్యోగులు లేరు. సభ్యదేశాలు డబ్బు మంజూరు చేశాయి, పోస్టులు మంజూరు చేయలేదు. దారి ఏమిటి? ఆ రోజుల్లో కమిషన్‌లో వాడుకలో ఉన్న దారే: సాంకేతిక సహాయ కార్యాలయం. పేరుకు సహాయం. వాస్తవానికి పథకాన్ని రోజువారీగా నడిపేది ఆ కార్యాలయమే. దాన్ని నడిపేది ఒక ప్రైవేటు కంపెనీ. లియొనార్డో విషయంలో ఆ కాంట్రాక్టు బ్రస్సెల్స్‌లోని ఆజెనోర్ అనే సంస్థకు దక్కింది.

అంటే ప్రజాధనం ఎవరికి చేరాలన్న పని, ప్రజలకు జవాబు చెప్పాల్సిన అవసరం లేని చేతుల్లోకి పోయింది. ఏడాది తిరిగేసరికి కాంట్రాక్టు కొనసాగింపు. లోపాలున్నాయని కమిషన్ సొంత ఆడిటర్లే రాసినా కొనసాగింపు ఆగలేదు. 1998లో ఆర్థిక నియంత్రణ విభాగం లోతుగా తవ్వింది. సొంతవాళ్లకు మేలు చేయడం దగ్గర్నుంచి మోసం జరిగి ఉండొచ్చనే అనుమానం దాకా తీవ్రమైన అక్రమాలు బయటపడ్డాయి. సరిగ్గా ఆ కాలంలోనే లియొనార్డో రెండో విడతపై పార్లమెంటులో పరిశీలన సాగుతోంది. మొదటి విడత ఎలా నడిచిందో తెలియకుండానే సభ్యులు రెండో విడత మీద చర్చించారు. నాకు అన్నిటికంటే బాధ కలిగించే భాగం ఇదే. డబ్బు పోయిందన్నది ఒక ఎత్తు. ఓటు వేసేవాళ్ల కళ్లకు గంతలు కట్టడం మరో ఎత్తు.

24 పేజీలు

ఈ విభాగానికి బాధ్యత వహిస్తున్న కమిషనర్ ఈదిత్ క్రెసోన్. ఫ్రాన్స్‌కు తొలి మహిళా ప్రధాని, 1991లో అధ్యక్షుడు మిత్తరాఁ నియమించిన మనిషి. 1995 జనవరిలో కమిషనర్‌గా బ్రస్సెల్స్ వచ్చారు. పరిశోధన, విద్య, శిక్షణ, యువజన వ్యవహారాలు ఆమె చేతిలో ఉన్నాయి. అప్పటికి ఆమె ఫ్రాన్స్‌లోని శాటెల్రో పట్టణానికి మేయర్ కూడా.

ఆ పట్టణం దగ్గర్లో ఉండే ఒక దంతవైద్యుడు ఆమెకు పరిచయస్తుడు. ఆయన్ను తన సలహాదారుగా తీసుకోవాలని ఆమె అనుకున్నారు. కుదరదని కార్యాలయ ముఖ్యాధికారి చెప్పారు. కారణాలు స్పష్టంగానే ఉన్నాయి. సలహాదారుల పోస్టులు అప్పటికే నిండిపోయాయి. పైగా ఆయన వయసు 66, నిబంధనలు ఒప్పుకోవు. అయినా 1995 సెప్టెంబరులో ఆయన కమిషన్‌లో చేరారు, ‘సందర్శక శాస్త్రవేత్త’గా. శాస్త్ర పరిశోధకుల కోసం పెట్టిన పద్దు అది. ఆ కాంట్రాక్టు 1997 ఫిబ్రవరి చివరిదాకా సాగింది. తర్వాత మరో ఏడాదికి పొడిగింపు దొరికింది. అలాంటి నియామకానికి గరిష్ఠ కాలం 24 నెలలే అయినా. అనారోగ్య కారణాలతో 1997 చివర ఆయన మానుకున్నారు. ఆయన శాస్త్రీయ కృషి కింద చివరికి దొరికిన కాగితాలు మొత్తం కలిపి 24 పేజీల నోట్లు. ఇవికాక శాటెల్రోకు వెళ్లినట్టు 13 అధికారిక ప్రయాణ ఉత్తర్వులు ఆయన పేరిట తయారయ్యాయి. వాటిమీద చేరిన డబ్బు దాదాపు 6,900 యూరోలు.

62 కోట్ల ముందు 6,900 ఎంత? అయినా ఐరోపా జనానికి ఈ కథే ఇట్టే అర్థమైంది. సాంకేతిక సహాయ కార్యాలయం, ఉపకాంట్రాక్టులు, అంతర్గత ఆడిట్ ఎవరికీ మనసుకెక్కవు. పరిశోధకుడి కుర్చీలో కమిషనరుగారి ఊరి డాక్టరు కూర్చున్నాడంటే అందరికీ ఎక్కుతుంది. క్రెసోన్ ఆరోపణలన్నీ తోసిపుచ్చారు. తెలిసిన మనిషిని, నమ్మిన మనిషిని పనిలో పెట్టుకోవడం నేరమెలా అవుతుందని వాదించారు. చివరిదాకా రాజీనామా మాట ఆమె నోట రాలేదు.

స్ట్రాస్‌బర్గ్, డిసెంబరు 17

యూరోపియన్ పార్లమెంటుకు ఏటా ఒక పని ఉంది. కమిషన్ ఖర్చు చేసిన బడ్జెట్‌ను, యూనియన్ లెక్కలు తనిఖీ చేసే ఆడిటర్ల కోర్టు నివేదికతో పోల్చి చూసి, ‘సరే, మీ లెక్క చెల్లింది’ అని చెల్లుచీటీ ఇవ్వాలి. దాన్ని డిశ్చార్జి అంటారు. ఇవ్వకుండా ఉండే హక్కూ ఉంది. మనకు కాగ్ నివేదికలున్నాయి, వాటిని పరిశీలించే ప్రజాపద్దుల కమిటీ ఉంది. 1967 నుంచి ఆ కమిటీ అధ్యక్ష పదవి ప్రతిపక్షానికి ఇవ్వడం ఆనవాయితీ. కానీ ‘ఫలానా ఏడాది లెక్కలు మాకు సమ్మతం కాదు’ అని లోక్‌సభ మొత్తం ఏటా ఓటు వేసే ఏర్పాటు లేదు. అక్కడ ఉంది. అలాంటి ఓటు మనకూ ఉంటే బాగుంటుందని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

1998లో సభ ముందున్నది 1996 నాటి లెక్క. దాదాపు 8,000 కోట్ల ఎక్యూల బడ్జెట్. మార్చిలోనే సభ ఆ చెల్లుచీటీని వాయిదా వేసింది. జర్మనీకి చెందిన డీమూట్ టియాటో అధ్యక్షతన బడ్జెట్ నియంత్రణ కమిటీ నెలల తరబడి ప్రశ్నలు పంపింది, జవాబులు తెప్పించుకుంది. బ్రిటన్ సభ్యుడు జేమ్స్ ఎల్లెస్ నివేదిక తయారుచేసే బాధ్యత తీసుకున్నాడు. ఆ కమిటీ చేసిన పనిలో నాటకం లేదు, కెమెరాల్లేవు. ఫలానా కాంట్రాక్టు తేదీ ఏమిటి, ఫలానా ఆడిట్ ప్రతిని మాకెందుకివ్వలేదు, పేర్లు కొట్టేసిన కాగితం మాకెందుకు. ఇలా అడుగుతూ పోవడమే. డిసెంబరులో కమిటీ అత్తెసరు ఆధిక్యంతో చెల్లుచీటీ ఇవ్వొచ్చని సిఫార్సు చేసింది.

కమిషన్ అధ్యక్షుడు జాక్ సాంటేర్ లక్సెంబర్గ్ మాజీ ప్రధాని. మృదువుగా మాట్లాడే మనిషి. ఓటింగుకు ముందు ఆయన కమిషన్ మాత్రం గట్టిగా ఒక మాట చెప్పింది: చెల్లుచీటీ ఇవ్వండి, ఇవ్వలేకపోతే అభిశంసన తీర్మానం పెట్టి మమ్మల్ని దించండి. బహుశా సభ వెనక్కి తగ్గుతుందనుకుని ఉంటారు. డిసెంబరు 17, గురువారం స్ట్రాస్‌బర్గ్‌లో ఓట్లు లెక్కపెట్టారు. ఇవ్వాలన్నవాళ్లు 225 మంది. వద్దన్నవాళ్లు 270 మంది. తటస్థులు 23.

అంతకుముందు ఒక్కసారే సభ చెల్లుచీటీ నిరాకరించింది. 1984 నవంబరులో, 1982 లెక్కల విషయంలో. అప్పటి అధ్యక్షుడు గాస్టన్ థార్న్‌ది కూడా లక్సెంబర్గే. కానీ ఆ కమిషన్ పదవీకాలం వారాల్లో ముగిసిపోతుండటంతో ఆ నిరాకరణకు బరువు రాలేదు. ఈసారి సాంటేర్‌కు ఇంకా ఏడాది మిగిలి ఉంది.

వెంటనే సోషలిస్టుల నాయకురాలు పౌలీన్ గ్రీన్ అభిశంసన తీర్మానం దాఖలు చేశారు. కమిషన్‌ను దించడానికి కాదు. తీర్మానాన్ని ఓడించి, కమిషన్‌పై విశ్వాసం ఉందని చాటడానికి. మరోపక్క కమిషన్ తన ఆడిటర్ సంగతి చూసింది. అనుమతి లేనివాళ్లకు పత్రాలు ఇచ్చాడన్న నేరం కింద వాన్ బ్యూటెనెన్‌ను సస్పెండ్ చేసింది. జీతంలో సగం కోత పెట్టింది. అక్రమాల పేరిట అప్పటిదాకా ఏ పెద్ద అధికారి మీదా ఇంత వేగంగా చర్య పడలేదు. ఈ సస్పెన్షనే కమిషన్ చేసిన అతి పెద్ద పొరపాటని నేననుకుంటాను. ఆ రోజుదాకా ఇది లెక్కల తగాదా. ఆ రోజు నుంచి ఇది ఒక మనిషి కథ అయింది. అన్ని దేశాల పత్రికలూ అతని ఫొటో వేశాయి.

జనవరి

1999 జనవరి రెండో వారంలో స్ట్రాస్‌బర్గ్ సభ మళ్లీ కూడింది. కమిషన్‌ను దించాలంటే పోలైన ఓట్లలో మూడింట రెండొంతులు కావాలి. ఆ సంఖ్య మొత్తం 626 మంది సభ్యుల్లో సగానికి మించి ఉండాలి కూడా. అదీకాక ఒప్పందం ప్రకారం దించితే అందర్నీ దించాలి. ఒక్క కమిషనర్‌ను వేరుచేసి పంపే అధికారం సభకు లేదు. లిబరల్ సభ్యులు క్రెసోన్ పేరు, స్పెయిన్‌కు చెందిన ఉపాధ్యక్షుడు మాన్యుయెల్ మారిన్ పేరు ఎత్తి వాళ్లిద్దరూ వైదొలగాలని తీర్మానాలు తెచ్చారు. అవి వీగిపోయాయి. ఎవరి పార్టీ మనిషిని వాళ్లు కాపాడుకున్నారు. ఏ రాజధానికి ఆ రాజధాని ఫోన్లు చేసింది.

జనవరి 14న అభిశంసనకు అనుకూలంగా 232, వ్యతిరేకంగా 293 ఓట్లు పడ్డాయి. 27 మంది తటస్థంగా ఉండిపోయారు. కమిషన్ నిలిచింది. ఊపిరి పీల్చుకోదగ్గ గెలుపు మాత్రం కాదు. అప్పటిదాకా ఏ కమిషన్‌కు వ్యతిరేకంగానూ అన్ని ఓట్లు పడలేదు. అదేరోజు సభ మరో తీర్మానం చేసింది: స్వతంత్ర నిపుణుల కమిటీ వేయాలి, మోసం, అక్రమ నిర్వహణ, బంధుప్రీతి ఆరోపణలపై విచారించాలి, మార్చి 15 నాటికి నివేదిక ఇవ్వాలి. కమిషన్ కూడా ఒప్పుకుంది. ఒప్పుకోక దారి లేదు.

కమిటీలో ఐదుగురు. అధ్యక్షుడు ఆంద్రే మిడిల్‌హూక్, యూరోపియన్ ఆడిటర్ల కోర్టు మాజీ అధ్యక్షుడు. అదే పదవి చేసిన ఫ్రాన్స్ వాసి పియర్ లెలాంగ్. స్వీడన్ ప్రభుత్వ ఆడిట్‌కు పెద్దగా ఉన్న ఇంగా-బ్రిట్ అలేనియస్. స్పెయిన్ న్యాయశాస్త్ర ఆచార్యుడు కరిల్లో సాల్సేదో. బెల్జియం న్యాయకోవిదుడు వాల్టర్ వాన్ గెర్వెన్. రాజకీయ నాయకుల్లేరు. లెక్కలు చదవడం, చట్టం చదవడం వచ్చినవాళ్లు. చేతిలో ఉన్నది కొద్ది వారాలే. వాళ్లు ఆజెనోర్ ఫైళ్లు తిరగేశారు. మానవతా సహాయ విభాగంలో కాగితాల మీదే ఉన్న కాంట్రాక్టులు చూశారు. పర్యాటక విభాగం, మధ్యధరా దేశాల పథకాలు, కమిషన్ భద్రతా కార్యాలయం, అణుభద్రత ఖర్చులు పరిశీలించారు. కమిషనర్లను పిలిచి ప్రశ్నించారు. కొందరు కమిషనర్లపై వచ్చిన ఆరోపణలు నిలవలేదని కూడా నిజాయతీగా రాశారు.

మార్చి 15

సోమవారం. సాయంత్రానికి 140కి పైగా పేజీల నివేదిక పార్లమెంటు చేతికి వచ్చింది. కాసేపట్లోనే విలేకరుల చేతిలోనూ ఉంది.

ఏ కమిషనరూ నేరుగా మోసంలో పాలుపంచుకున్నట్టు, సొంతానికి సొమ్ము చేసుకున్నట్టు నిపుణులు తేల్చలేదు. ఇది గుర్తుపెట్టుకోవాల్సిన మాట. తప్పు వాళ్లు వేరేచోట పట్టుకున్నారు. లియొనార్డో విషయంలో క్రెసోన్‌కు తీవ్రమైన అక్రమాల సంగతి తెలిసింది, అవి ఏళ్లతరబడి సాగుతున్నాయనీ తెలిసింది, అయినా చర్య తీసుకోలేదు. దంతవైద్యుడి నియామకం పక్షపాతమే. కమిషన్ అధ్యక్షుడి చేతికింద ఉన్న భద్రతా కార్యాలయం అదుపు తప్పిపోయింది. ‘మా విభాగంలో ఏం జరిగిందో మాకు తెలియదు’ అని కమిషనర్లు చెప్పుకున్న సంజాయిషీని వాళ్లు ఒప్పుకోలేదు. తెలియదనడమంటే, తాము నడుపుతున్నామని చెప్పుకునే యంత్రాంగం మీద తమకు పట్టు లేదని ఒప్పుకోవడమేనని తేల్చారు. చివరి పేరాల్లో ఇంకో మాట ఉంది. బాధ్యత తనదని రవ్వంతయినా భావించే మనిషి కనిపించడమే కష్టమైపోతోందని.

ఆ వాక్యం బ్రస్సెల్స్‌ను కుదిపేసింది. తప్పు చేసిన ఒక్కరి పేరే రాసి ఊరుకుంటే ఆ ఒక్కరే పోయేవారు. ఎవరి దగ్గరా బాధ్యత కనిపించలేదని రాయడంతో మిగతావాళ్లకు నిలబడే చోటు లేకుండాపోయింది.

అప్పటికి కమిషన్ ప్రధాన కార్యాలయం బ్రెడెల్ భవనంలో ఉండేది. పాత బెర్లేమాఁ భవనాన్ని ఆస్బెస్టాస్ కారణంగా ఖాళీ చేయించారు. ఆ రాత్రి 20 మందీ అక్కడ సమావేశమయ్యారు. క్రెసోన్ ఒక్కరే తప్పుకుంటే మిగతావాళ్లు మిగలొచ్చు. ఆమె తప్పుకోలేదు. ఆమెను తప్పించే అధికారం సాంటేర్‌కు లేదు. జనవరిలో తీర్మానాన్ని ఓడించిన సోషలిస్టులే ఇప్పుడు అండగా నిలవమని తేల్చేశారు. మళ్లీ అభిశంసన వస్తే మూడింట రెండొంతుల ఓట్లు ఖాయం. అర్ధరాత్రి దాటాక సాంటేర్ విలేకరుల ముందుకొచ్చి కమిషన్ మొత్తంగా రాజీనామా చేస్తున్నట్టు ప్రకటించారు.

ఒక మాట సాంటేర్ తరఫున కూడా చెప్పాలి. మనుషుల్ని ఇవ్వకుండా పథకాలు నెత్తిన పెట్టింది సభ్యదేశాల మంత్రులు. ‘యువతకు ఇంకా చేయండి’ అని కొత్త పద్దులు రాయించింది పార్లమెంటు. లియొనార్డో కోసం ఉద్యోగులను అడిగితే ఎవరూ ఇవ్వలేదు. నిపుణుల నివేదిక కూడా ఈ సంగతి దాచలేదు. పార్లమెంటు సభ్యుల సొంత ప్రయాణభత్యాల మీద కూడా అప్పట్లో గట్టి విమర్శలున్నాయి. నిలదీసినవాళ్లంతా కడిగిన ముత్యాలేమీ కాదు. అయినా నిలదీయాల్సిన పని నిలదీయాల్సిందే. అడిగేవాడి మచ్చలు చూపించి అడగడమే తప్పని చెప్పే వాదన ఎక్కడ విన్నా నాకు ఒళ్లు మండుతుంది.

తర్వాత

మార్చి 24న బెర్లిన్‌లో దేశాధినేతలు రొమానో ప్రోడీ పేరు ప్రకటించారు. ఆయన కమిషన్ సెప్టెంబరులో బాధ్యతలు తీసుకుంది. ఈలోపు పాత కమిషనే ఆపద్ధర్మంగా నడిచింది. కమిషన్ లోపలే ఉన్న పాత మోస నిరోధక విభాగం స్థానంలో, దర్యాప్తుల్లో స్వతంత్రంగా వ్యవహరించే ‘ఓలాఫ్’ 1999 జూన్ 1న పని మొదలుపెట్టింది. లియొనార్డో ఆగిపోలేదు. 2000 నుంచి 2006 వరకు 115 కోట్ల యూరోలతో రెండో విడత మంజూరైంది. సంతోషించాల్సిన విషయమే. పథకం తప్పు కాదు కదా, నడిపిన తీరు తప్పు. సాంటేర్ ఆ జూన్‌లో పార్లమెంటు సభ్యుడిగా ఎన్నికయ్యారు.

క్రెసోన్‌పై బెల్జియంలో నడిచిన క్రిమినల్ కేసు 2004 జూన్‌లో మూతబడింది, విచారణకు పంపాల్సిన అవసరం లేదని న్యాయస్థానం తేల్చింది. కమిషన్ వేరుగా యూరోపియన్ న్యాయస్థానానికి వెళ్లింది. 2006 జులై 11న పూర్తి ధర్మాసనం తీర్పు చెప్పింది. తన పరిచయస్తుడి నియామకంలో ఆమె కమిషనర్‌గా తన కర్తవ్యాన్ని ఉల్లంఘించారు. శిక్ష? పింఛనులో సగం కోయాలని ఆ న్యాయస్థానపు అడ్వొకేట్ జనరల్ సూచించినా ధర్మాసనం కోయలేదు. ఉల్లంఘన జరిగిందని చెప్పడమే తగిన శిక్ష అంది. పదకొండేళ్ల తర్వాత వచ్చిన మాట అది. ఆలస్యమే. అయినా ఒక కమిషనర్ విషయంలో న్యాయస్థానం అలాంటి తీర్పు చెప్పడం అదే మొదలు. అందుకని దాన్ని చిన్నది అనలేను.

వాన్ బ్యూటెనెన్ కథ సులువుగా సాగలేదు. సస్పెన్షన్ ముగిసినా ఆడిట్ పనికి దూరంగా ఉంచారు, మందలింపు రాతపూర్వకంగా ఇచ్చారు, లక్సెంబర్గ్‌కు మార్చారు. ఏం జరిగిందో పుస్తకం రాశాడు. 2004 ఎన్నికల్లో ‘పారదర్శక యూరప్’ అర్థం వచ్చే పేరుతో జాబితా పెట్టి సొంత దేశంలో పోటీచేశాడు. నెదర్లాండ్స్‌కున్న 27 సీట్లలో ఆ జాబితాకు రెండు వచ్చాయి. ఒకటి అతనిది. లెక్కలు అడిగే బడ్జెట్ నియంత్రణ కమిటీలోనే సభ్యుడయ్యాడు. అదే ఏడాది సవరించిన ఉద్యోగ నిబంధనల్లో, అక్రమాలు బయటపెట్టే ఉద్యోగులకు రక్షణ కల్పించే అంశాలు చేరాయి.

సాంకేతిక సహాయ కార్యాలయాల కాలం చెల్లింది. ప్రైవేటు కంపెనీల స్థానంలో కమిషన్ అజమాయిషీలో కార్యనిర్వాహక ఏజెన్సీలు వచ్చాయి. విద్య, సంస్కృతి పథకాలు చూసే ఏజెన్సీని 2005లో ఏర్పాటు చేశారు. ఎరాస్మస్ ముండస్ ఉపకార వేతనంతో యూరప్‌కు ఎమ్మెస్సీ చదవడానికి వెళ్లే భారతీయ విద్యార్థుల్లో హైదరాబాద్ నుంచీ, విజయవాడ, విశాఖల నుంచీ వెళ్లేవాళ్లున్నారు. వాళ్ల కోర్సులకు నిధులు వచ్చేది బ్రస్సెల్స్‌లోని ఆ ఏజెన్సీ నుంచే. ఏటా వసంతంలో కమిషన్ లెక్కలతోపాటు ఆ ఏజెన్సీ లెక్క కూడా బడ్జెట్ నియంత్రణ కమిటీ ముందుకొస్తుంది. విద్య, సంస్కృతి కమిటీ, ఉపాధి కమిటీ తమ పద్దులపై తమ అభిప్రాయాలు రాసి పంపుతాయి. తర్వాత సభ ఓటు వేస్తుంది. ఆ ఓటులో ఏజెన్సీ డైరెక్టర్‌కు ఇచ్చే చెల్లుచీటీని విడిగా రాస్తారు.